ట్రే పట్టుకో.. నచ్చిన బ్రెడ్ ఏరుకో! మెక్సికో గల్లీ బేకరీల తీరే వేరు

మెక్సికోలో గల్లీ బేకరీని ‘పనదెరియా’ అంటారు. అక్కడ ఆర్డర్ చెప్పి నిలబడక్కర్లేదు. ట్రే, పటకారు తీసుకుని అరల్లోని తీపి బ్రెడ్లను మనమే ఏరుకోవాలి. లెక్క చివర్లో కౌంటర్ దగ్గరే.

అందరి ఫేవరెట్ ‘కోంచా’. పైనున్న చక్కెర పూత మీద గీతలు ఆల్చిప్పలా ఉంటాయి. అందుకే ఆ పేరు. అక్కడికి గోధుమ తెచ్చింది స్పెయిన్ వాళ్లు. తర్వాత ఫ్రెంచ్ బేకర్ల పనితనమూ కలిసింది.

జనవరి 6న ‘రోస్కా’ బ్రెడ్‌కు భలే గిరాకీ. లోపల దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ ‘తమాలెస్’ పెట్టాల్సిందే!

ఇప్పుడు సూపర్ మార్కెట్లు, ప్యాకెట్ బ్రెడ్లతో ఈ చిన్న బేకరీలకు గట్టి పోటీ. అయితే కోంచా మర్నాటికే గట్టిపడిపోతుంది. తాజాగా తింటేనే మజా. ఆ వేడి, ఆ ఘుమఘుమే గల్లీ బేకరీకి బలం.