కలివికోడి

హేమంత రాత్రులలో కడప సీమ పల్లెలు పెందలకడనే తలుపులు వేసుకుంటాయి. పగలంతా నిప్పులు చెరిగే నేల అదేనా అనిపించేటంత చలి కమ్ముకుంటుంది. 1986 జనవరిలో అటువంటి ఒక రాత్రి, లంకమల కొండల పాదాల చెంతనున్న రెడ్డిపల్లె పరిసరాలలో, దీపపు వెలుగుతో చిన్న వేటకు వెళ్ళే అలవాటున్న ఒక గ్రామస్థుడు పొదల నడుమ నడిచి పోతున్నాడు. వెలుగు పడిన చోట ఒక పక్షి కదలక నిలిచింది. కళ్ళు మిరుమిట్లు గొని ఎటు పోవాలో దానికి తోచలేదు. అతడు దానిని ప్రాణాలతో పట్టుకొని ఇంటికి తెచ్చాడు. అంతకు మునుపు పండితలోకం ఆ పక్షిని చివరిసారి చూచింది 1900లో. మధ్యలో గడిచినవి ఎనభై ఆరేళ్ళు. అది భూమిమీద నుండి అంతరించిందనే పలువురు శాస్త్రజ్ఞులు నిశ్చయించుకున్నారు.

ఆ పక్షికి ఆంగ్లేయులు పెట్టిన పేరు జెర్డన్స్ కోర్సర్. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ నెల్లూరు, కడప ప్రాంతాల పక్షులను శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన సేకరించిన ఈ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత పెన్నా, గోదావరి లోయలలో కొందరికి అరుదుగా కనిపించింది. 1900 తరువాత ఆ జాడ కూడా తెగిపోయింది. సాలిం అలీ వంటి మహాపక్షిశాస్త్రవేత్త కూడా వెదికి వెదికి నిరాశతో మరలవలసి వచ్చింది.

ఇంతమంది కన్నులకు కనబడకుండా ఇది ఎట్లా దాగింది? దాగలేదు. వెదికినవారు వెదికింది పగటిపూట. ఈ జాతికి దగ్గరి బంధువులైన కొన్ని పరుగు పక్షులు పగలు మైదానాలలో సంచరిస్తాయి కనుక ఇదీ అంతేనని వారు భావించారు. కలివికోడి నిశాచరి. పగలు పొదల నీడలో మట్టిరంగులో కలిసిపోయి, చీకటి పడిన తరువాతనే ఆహారానికి బయలుదేరుతుంది. చెదలు, చీమలు దాని ముఖ్యాహారం. ఎగరగలిగినా, అలికిడి వినబడితే నేలమీద చరచర పరుగెత్తి పొద చాటుకు పోవడమే దానికి ఇష్టం.

దాని రూపం అంత సులభంగా మరచిపోదగినది కాదు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. వీపు గోధుమవన్నె, కడుపు తెలుపు. కంటిమీద తెల్లని కనుబొమ వంటి గీత, కంఠం కింద కావిరంగు మచ్చ, రొమ్ముమీద హారాలవలె రెండు పట్టీలు. శాస్త్రనామంలోని రెండవ పదానికి రెండు కంఠాభరణాలు కలది అనే అర్థం. హంసకు, చకోరానికి, చక్రవాకానికి మన ప్రబంధాలలో లభించిన ఆదరం ఈ రెండు పేటల హారధారిణికి లభించలేదు. అయినా పేరు లేక పోలేదు. కలివి పొదల నడుమ తిరిగే కోడి కనుక పల్లెవాసులు దానిని కలివికోడి అన్నారు. శాస్త్రగ్రంథాలలో లుప్తమైన జీవి పల్లె నోట సజీవంగానే ఉన్నదన్నమాట. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అన్వేషణకు వచ్చిన భరత్ భూషణ్ ఈ సంగతిని గుర్తించి స్థానికులను ఆశ్రయించడంవల్లనే 1986 నాటి ఆవిష్కారం సాధ్యమయింది. ఆ రాత్రి ఎదురుపాటు శాస్త్రజ్ఞులకు అద్భుతం. పల్లెవారికి మాత్రం ఎరిగిన పక్షే. పట్టుబడిన ఆ పక్షి కొద్ది రోజులలోనే మరణించిందన్నది ఈ కథలోని విషాదం.

తరువాత ప్రభుత్వం మేల్కొన్నది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1988లో తపాలాశాఖ ఈ పక్షి బొమ్మతో బిళ్ళను విడుదల చేసింది. అయితే బొమ్మను ముద్రించినంత తేలికగా పక్షిని అధ్యయనం చేయడం సాధ్యం కాలేదు. 2000 తరువాత పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పరచి, ఉదయాన దానిమీది అడుగుజాడలను పరీక్షించారు. తమంత తాము ఛాయాచిత్రాలు తీసే కెమెరాలను అమర్చారు. సూర్యుడు అస్తమించిన దాదాపు ముక్కాలు గంటకు, కొద్ది నిమిషాలసేపు మాత్రమే ఇది రెండు స్వరాల కూత కూస్తుందని తెలుసుకున్నారు. ఆ కొద్ది నిమిషాలు తప్పితే మరునాటి సంధ్యవరకు వేచి ఉండవలసిందే.

ఈ పరిశోధనలో తేలిన ముఖ్యాంశం దాని నివాసానికి సంబంధించినది. దట్టమైన అడవి దీనికి పనికిరాదు, బోడినేల కూడా పనికిరాదు. నిలువెత్తుకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉండి, వాటి నడుమ పరుగెత్తడానికి ఖాళీ నేల ఉన్నచోటనే ఇది ఎక్కువగా కనిపించింది. పశువులు మితంగా మేసి, పల్లెవారు మితంగా పుల్లలు ఏరుకుంటే ఆ ఖాళీ నిలుస్తుంది. మేత మితిమీరితే పొద మిగలదు. మనుషులు పూర్తిగా విడిచిపెడితే పొదలు అల్లుకొని పరుగుకు చోటు మిగలదు. ఇటువంటి నేలను మనం బీడు అంటాము. బీడు అనగానే పనికిమాలినదనే భావం మనసులో మెదలుతుంది. ఆ ఒక్క మాట చాటున ఎన్నో ఎకరాల కలివి పొదలు నిమ్మతోటలకు, రాతి గనులకు దారి ఇచ్చాయి.

తెలుగుగంగ కాలువ విషయంలో ఈ సంఘర్షణ బాహాటమయింది. కరవుసీమకు నీరు అవసరమనడంలో సందేహం లేదు. రాయలసీమ రైతు దప్పికను తక్కువ చేసి మాట్లాడేవారు ఆ సీమను ఎరుగనివారు. కాని కాలువ తవ్వకం కలివికోడి తిరిగే పొదలలోకి చొచ్చుకొని వచ్చినప్పుడు వ్యవహారం న్యాయస్థానందాకా వెళ్ళింది. చివరకు కాలువ దారి మార్చారు. నీరూ వచ్చింది, కొంత నేలా మిగిలింది. మిగిలిన నేలలో పక్షి మిగిలిందా అన్నది వేరే ప్రశ్న.

2013లో ఒక వింత వార్త వచ్చింది. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఒక గుడ్డు కలివికోడిదని జన్యుపరీక్షలో రుజువయింది. అది 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో దొరికినది. ఈ పక్షి గుడ్డు ఎట్లా ఉంటుందో లోకానికి తెలిసింది దానివల్లనే.

ఆ తరువాత కూడా కలివికోడి జాడ దొరకక చాలాకాలం గడిచింది. మరల ఆశలు సన్నగిల్లాయి. 2025 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లోని పొదల నేలలో రాత్రివేళ చెవి యొగ్గి కూర్చున్న కొందరు పక్షి పరిశీలకులకు ఆ రెండు స్వరాల కూత వినిపించింది. వారు దానిని ధ్వనిముద్రణ చేశారు. పక్షి మాత్రం కంటబడలేదు.