మీ పిల్లల సైకిల్‌కు వారానికి పది నిమిషాలు



స్కూళ్లు తెరిచారు. వేసవి సెలవులంతా మెట్ల కింద ఉండిపోయిన సైకిళ్లు మళ్లీ రోడ్డెక్కాయి. యూనిఫాం, బ్యాగు, షూస్ అన్నీ కొత్తవి కొన్నాం. మరి రోజూ పిల్లల్ని స్కూలుకు తెచ్చే సైకిల్ సంగతేంటి? బైకు సర్వీసింగ్ తేదీ మనకు గుర్తుంటుంది. సైకిల్‌ను మాత్రం పాడైన రోజే షాపుకు తీసుకెళ్తాం. పంక్చర్ అయితే స్కూలుకు లేటవుతుంది, అంతే. బ్రేకు పాడైన సంగతి మాత్రం నడిరోడ్డు మీద తెలియకూడదు కదా!

అందుకే ఆదివారం పొద్దున ఒక్క పది నిమిషాలు కేటాయించండి. మూడే మాటలు గుర్తుపెట్టుకోండి: గాలి, బ్రేకు, చైను.

గాలి

ఎంత గాలి ఉండాలో టైరు పక్కన పీఎస్ఐ అంకెల్లో రాసి ఉంటుంది. అంతకు మించి కొట్టకండి. గేజి లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కండి. టైరు సులువుగా లోపలికి పోతే గాలి చాలనట్టే. గాలి తక్కువైతే తొక్కడం బరువవుతుంది, గుంతలో పడినప్పుడు ట్యూబు నలిగి పంక్చరవుతుంది. కొట్టించిన గాలి మర్నాటికే తగ్గిపోతోందా? వాల్వు మీద నాలుగు చుక్కల నీళ్లు వేయండి. బుడగలు వస్తే లోపం వాల్వులోనే ఉంది. రాకపోతే పంక్చర్ ఉందేమో చూపించండి. ఎండకు టైరు పగుళ్లిచ్చి ఉంటే మార్పించండి.

బ్రేకు

బ్రేకు పూర్తిగా నొక్కినా లివర్ హ్యాండిల్‌కు తగలకూడదు. మధ్యలో రెండు వేళ్ల సందు ఉండాలి. సైకిల్‌ను నెడుతూ ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా పట్టి చూడండి. బ్రేకు రబ్బర్ల మీది గీతలు అరిగిపోయినా, తీగ పోగులు విడిపోతున్నా అదే రోజు మార్పించండి. రబ్బర్లు రిమ్ముకే తగలాలి, టైరుకు తగలకూడదు. రిమ్ము మీద గానీ, డిస్కు మీద గానీ నూనె పడనివ్వకండి. వర్షంలో రిమ్ము తడిస్తే సైకిల్ ఆలస్యంగా ఆగుతుంది. వానలో మెల్లగా వెళ్లాలని, ముందుగానే బ్రేకు వేయాలని పిల్లలకు చెప్పండి.

చైను

చైనును పొడి గుడ్డతో తుడవండి. పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేయండి. కాసేపాగి పైన మిగిలింది తుడిచేయండి. లేకపోతే దుమ్ము పట్టి నల్లటి ముద్దవుతుంది. వంటనూనె, కొబ్బరినూనె వద్దు, అవి జిగురు కడతాయి. చైను తిరుగుతున్నప్పుడు పిల్లల వేళ్లు దూరంగా ఉండేలా చూసుకోండి. చైన్ కవర్ ఊడిపోయి ఉంటే తప్పక వేయించండి. ముఖ్యంగా ఆడపిల్లల చున్నీలు, ప్యాంటు అంచులు అందులో చిక్కుకునే ప్రమాదం ఉంది.

చివరగా చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, బెల్లు మోగుతోందా, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉందా చూడండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లు నేలకు ఆనాలి. వంకరపోయిన రిమ్ము, తెగిన పుల్లలు మాత్రం మెకానిక్ పని.

ఇదంతా మీరే చేసేయకండి, పిల్లల చేత చేయించండి. మేం క్లాసులో చెప్పే ఘర్షణ పాఠం బ్రేకు రబ్బరు దగ్గర వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఎడమ పెడల్ మర అపసవ్య దిశలో ఎందుకు బిగుస్తుందో వాళ్లనే ఆలోచించమనండి.

గాలి నింపే టైరు వెనకా ఒక తండ్రి ఉన్నాడు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు లేకుండా సాగాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు బిగించాడు. మనం అంత పెద్ద పని చేయక్కర్లేదు. ఈ ఆదివారం బ్రేకుతో మొదలుపెడదాం.