ఆశ్లేషా నక్షత్రము – ఆకాశ సర్పము

అశ్విని మొదలుగాగల ఇరువదియేడు నక్షత్రములలో ఆశ్లేష తొమ్మిదవది. దీనికి సర్పములు దేవతలని తైత్తిరీయ బ్రాహ్మణము చెప్పుచున్నది. ఆశ్లేష మనగా చుట్టుకొనుట. ఆగస్టు తొలిపక్షమున వచ్చు ఆశ్లేష కార్తె తెలుగు కర్షకులకు సుపరిచితము. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురా నేడు చంద్రపూరు జిల్లాలోనిది; అచటి తెలుగువారికిని ఈ పేరు క్రొత్తగాదు. కాని ఆ చుక్కలను గుర్తింపగలవారు అరుదు.

పాశ్చాత్యులు హైడ్రా అను సర్పాకార మండలము యొక్క శిరస్సే ఆశ్లేష. జీటా, ఎప్సిలాన్, డెల్టా, సిగ్మా, ఈటా, రో అను ఆరు చుక్కలు చిన్న చుట్టగా నున్నవి. మొదటి రెండును మూడవ తరగతివి. తక్కినవి నాల్గవ తరగతివి. సర్పహృదయమున ఎఱ్ఱని ఆల్ఫార్డు కలదు. ఆ అరబ్బీ పదమునకు ఏకాకి యని యర్థము. 1303 చదరపు డిగ్రీలు వ్యాపించిన ఈ మండలము 88 మండలములలో నెల్ల పెద్దది. దీని తోక తులారాశి దాపునకు చేరును.

చంద్రపూరు సుమారు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. మార్చి నడుమ రాత్రి తొమ్మిది గంటలకు సర్పశిరస్సు దక్షిణదిశను దాదాపు 76 డిగ్రీల ఎత్తున నుండును. మఖలోని ప్రకాశవంతమగు చుక్కకును, ప్రొసియాను అను చుక్కకును నడుమ వెదకిన దొరకును. ఏప్రిలు చివర అదే వేళకు తోకతో సహా సర్పమంతయు గానవచ్చును. గనుల ధూళియు, విద్యుత్కేంద్రపు పొగయు, వీథిదీపములును గల నగరమున మందమైన చుక్కలు కానరావు. దీపములు లేని పల్లెకు పోవలయును.

ఆశ్లేషలో పుట్టిన కన్య అత్తకు కీడని సంబంధములు మరలిపోవుట నేటికిని కలదు. ఇచట నొక సంగతి గమనింపదగినది. ఈ చుక్కలు క్రాంతివృత్తమునకు సుమారు 11 డిగ్రీలు దక్షిణముగా నున్నవి. చంద్రుడు ఆ వృత్తమునుండి అయిదు డిగ్రీలకు మించి యించుమించు తొలగడు. కావున వీని నడుమకు ఎన్నడును పోడు. ఆశ్లేషలో చంద్రుడనగా 13 డిగ్రీల 20 కళల ఒక గణితభాగమున నున్నాడని మాత్రమే యర్థము. ఈ చుక్కలకు పరస్పర సంబంధమును లేదు: ఎప్సిలాన్ సుమారు 130 కాంతివత్సరముల దూరమున నుండగా, సిగ్మా మున్నూటికి పైబడిన దూరమున నున్నది. మన కంటికే అవి యొక సర్పము. కాలగణనమునకు పూర్వులు ఏర్పరచిన గుర్తును ఒక కన్య జీవితమునకు అడ్డుగా నిలుపుట న్యాయము గాదు.