దస్త్రం వెంట నడిస్తే తెలిసే నిజం

2010కి ముందు పాస్‌పోర్టు సంపాదించడమంటే సామాన్యుడికి పెద్ద యజ్ఞమే. కార్యాలయం ముందు పొడవాటి వరుసలు, ఆవరణ బయట దళారుల బేరాలు, దరఖాస్తు ఇచ్చిన తరువాత వారాల తరబడి నిరీక్షణ. ఆ నిరీక్షణ ముగియకముందే ‘ఫలానా పత్రం జతపరచలేదు’ అంటూ ఒక లేఖ. గల్ఫ్ దేశం నుంచి ఉద్యోగానికి పిలుపు అందుకున్న కరీంనగర్ కూలీకి గాని, కడప మేస్త్రీకి గాని ఆ లేఖ కేవలం కాగితం కాదు. గడువు దాటితే చేజారిపోయే జీవనోపాధి.

ఈ జాప్యానికి కారకులెవరని అడిగితే వేళ్లన్నీ గుమాస్తా వైపే చూపేవి. సిబ్బంది శ్రద్ధ చూపరన్నది ప్రజల ఆరోపణ. సిబ్బంది చాలరన్నది కార్యాలయాల సమాధానం. ఈ రెండు వాదనల నడుమ అసలు ప్రశ్న మరుగున పడిపోయింది. దరఖాస్తు ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదకు వెళుతోంది? ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతోంది? ఎందుకు వెనక్కి వస్తోంది? ఈ ప్రశ్నలకు జవాబును బొమ్మగా గీసి చూపే పద్ధతినే యాజమాన్య శాస్త్రంలో ‘ప్రాసెస్ మ్యాపింగ్’ అంటారు. పని నడిచే దారికి పటం గీయడమని దీనికి అర్థం చెప్పుకోవచ్చు.

ఇటుకల పని నుంచి కచేరీ దాకా

ఈ పద్ధతి పుట్టి నూరేళ్లు దాటింది. అమెరికాకు చెందిన ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఎదుట ‘ప్రాసెస్ చార్టు’లను గురించిన పత్రాన్ని సమర్పించారు. యౌవనంలో తాపీపని నేర్చిన ఫ్రాంక్, ఇటుక పేర్చడానికి మేస్త్రీ చేసే 18 కదలికలను అయిదుకు కుదించవచ్చునని అప్పటికే నిరూపించారు. అందుకోసం ఆయన మేస్త్రీని తొందరపెట్టలేదు. ఇటుకలు, మాలు అతడి చేతికందే ఎత్తులో ఉండేలా ఏర్పాటు చేశారు. లోపం మనిషిలో కాక పని అమరికలో ఉందన్న ఈ దృష్టే తరువాతి కాలంలో కర్మాగారాలకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ కచేరీలకు విస్తరించింది.

కార్యాలయంలో దీని ఉపయోగం గ్రహించడానికి చిన్న లెక్క చాలు. ఒక దరఖాస్తు ఆరు బల్లలు దాటాలనీ, ఒక్కో బల్ల వద్ద దాని మీద జరిగే పని పది నిమిషాలేననీ, కాని తన వంతు కోసం ప్రతి చోటా అయిదు రోజులు ఆగుతుందనీ అనుకుందాం. మొత్తం పని ఒక గంట. మొత్తం నిరీక్షణ 30 రోజులు. ఉద్యోగులందరూ రెట్టింపు వేగంతో పనిచేసినా తగ్గేది అరగంటే. అనవసరమైన రెండు బల్లలను తొలగిస్తే పది రోజులు మిగులుతాయి. జాప్యం చేతుల్లో కన్న చేతులు మారే చోట ఎక్కువగా దాగి ఉంటుందని ఈ లెక్క చెబుతోంది. అందుకే పటంలో ఒక్కో విభాగానికి ఒక్కో అడ్డవరుస కేటాయించి, పని ఒక వరుస నుంచి మరో వరుసకు దాటే ప్రతి చోటునూ బాణంతో గుర్తిస్తారు.

పాస్‌పోర్టు నేర్పిన పాఠం

కేంద్ర విదేశాంగ శాఖ చేపట్టిన పాస్‌పోర్టు సేవా పథకం ఇందుకు మన దేశంలో చెప్పుకోదగిన ఉదాహరణ. 2002లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్ ఈ పథక రూపకల్పనలో సలహాదారుగా వ్యవహరించింది. 2008లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు నిర్వహణ బాధ్యతలు అప్పగించారు. 2010లో కర్ణాటక, పంజాబ్ ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా మొదలైన సేవా కేంద్రాల సంఖ్య 2012 జూన్ నాటికి 77కు చేరింది.

ఇక్కడ జరిగిన మార్పు కేవలం కంప్యూటర్లు పెట్టడం కాదు. దరఖాస్తుపై జరిగే పనులలో ప్రభుత్వం మాత్రమే చేయవలసినవి ఏవి, ఎవరు చేసినా ఇబ్బంది లేనివి ఏవి అని ముందుగా విడదీశారు. ఫొటో తీయడం, వేలిముద్రలు సేకరించడం, పత్రాలను కంప్యూటరులోకి ఎక్కించడం ‘ఏ’ కౌంటరులో ప్రైవేటు సంస్థ సిబ్బందికి అప్పగించారు. పత్రాల నిజానిజాల పరిశీలనను ‘బి’ కౌంటరులో, మంజూరు నిర్ణయాన్ని ‘సి’ కౌంటరులో ప్రభుత్వ అధికారుల చేతిలోనే ఉంచారు. దరఖాస్తుదారు ముందుగా నిర్ణయించిన సమయానికి వచ్చి, టోకెను ప్రకారం ఈ మూడింటినీ ఒకే రోజు దాటుతాడు.

దీనివల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. పత్రాలలో లోపముంటే వారాల తరువాత లేఖ రావడానికి బదులు అక్కడికక్కడే బయటపడుతుంది. ఏ అధికారి వద్దకు వెళ్లాలో టోకెను నిర్ణయిస్తుంది గనుక, ‘లోపల మనకు తెలిసినవారున్నారు’ అనే దళారి మాటకు విలువ తగ్గింది.

గోడకు అవతలి నిరీక్షణ

అయితే కేంద్రంలోని పని చక్కబడిన కొద్దీ మరో నిజం స్పష్టమైంది. అసలు నిరీక్షణ కేంద్రం గోడలకు అవతల, పోలీసు విచారణలో ఉంది. ఆ పని రాష్ట్రాల పరిధిలోనిది. అందుచేత విదేశాంగ శాఖ పోలీసు కార్యాలయాలను తన కంప్యూటర్ వ్యవస్థకు అనుసంధానించింది. 21 రోజులలోపు నివేదిక అందితే దరఖాస్తు ఒక్కింటికి 150 రూపాయలు, గడువు దాటితే 50 రూపాయలు రాష్ట్రాలకు చెల్లించే ఏర్పాటు చేసింది. తెలంగాణ పోలీసులు విచారణను వేగిరపరచడానికి ‘వెరిఫాస్ట్’ అనే సొంత యాప్‌ను వినియోగంలోకి తెచ్చారు. 2016 జనవరిలో మరో అడుగు పడింది. ఆధార్, ఓటరు గుర్తింపు కార్డు, పాన్ కార్డులతో పాటు నిర్ణీత ప్రమాణ పత్రం సమర్పించినవారికి ముందుగా పాస్‌పోర్టు మంజూరు చేసి, పోలీసు విచారణ ఆ తరువాత జరిపే వీలు కల్పించారు. విచారణను రద్దు చేయలేదు. దాని స్థానాన్ని మార్చారంతే. ఒక్కోసారి మెట్టు తీసివేయనక్కరలేదు, జరిపితే చాలునని ఇది చాటుతోంది.

యంత్రం ఒక్కటే చాలదు

పని దారిని పూర్తిగా సరిచేయకుండా యంత్రాలు మాత్రమే పెడితే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం తెలుపుతుంది. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలో ‘కార్డ్’ పథకం ప్రవేశపెట్టినప్పుడు ఆస్తి విలువ లెక్కింపు, దస్తావేజుల నకళ్లు, ఈసీల జారీ ఎంతో వేగవంతమయ్యాయి. దేశమంతా దానిని మెచ్చుకొంది. కాని దస్తావేజు లేఖరులు, మధ్యవర్తుల పాత్ర తొలగలేదనీ, మామూళ్ల బెడద పోలేదనీ తరువాతి అధ్యయనాలలో వెల్లడైంది. కార్యాలయం లోపలి పని మారినా, పౌరుడు కార్యాలయానికి చేరే దారి మారలేదన్న మాట. పటం గీసేటప్పుడు అధికారి బల్ల వద్ద కాక పౌరుడి గుమ్మం వద్ద మొదలుపెట్టాలనడానికి కారణమిదే. బంగ్లాదేశ్‌లో ‘ఎటుఐ’ కార్యక్రమం ఈ దృష్టినే అనుసరించి, ప్రతి సేవకూ పౌరుడికి పట్టిన కాలం, అయిన ఖర్చు, తిరిగిన సార్లు అనే మూడు కొలతలు వేసింది.

ఎవరు గీయాలి?

పటం ఎవరు గీస్తారన్నది అన్నింటికన్న కీలకం. పై అధికారి గదిలో కూర్చుని గీసిన పటంలో నిబంధనల పుస్తకంలోని దారి మాత్రమే కనిపిస్తుంది. నిజంగా పని ఎలా జరుగుతోందో ఇన్‌వర్డ్ రిజిస్టరు రాసే గుమాస్తాకు, ఫైళ్లు మోసే అటెండరుకు బాగా తెలుసు. సంతకం కోసం ఫైలు ఏ రోజు ఆగుతుందో, ఒకే వివరాన్ని ఎన్ని రిజిస్టర్లలో రాయవలసి వస్తోందో చెప్పగలిగినవారు వారే. అందరినీ ఒక చోట చేర్చి, ఒక్కో మెట్టును ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించి, పక్కన పట్టే కాలాన్ని గుర్తిస్తే చాలు, ఎన్నో ఏళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నవారు కూడా తమ పొరుగు బల్ల మీద జరిగేదేమిటో మొదటిసారి తెలుసుకుంటారు.

దీనికి అడ్డుగా నిలిచేది భయం. బల్ల అనవసరమని తేలితే ఉద్యోగం కూడా అనవసరమంటారేమోనన్న శంక సిబ్బందికి కలగడం సహజం. తొలగేది మెట్టు మాత్రమేనని, మనిషి కాదని ముందే హామీ ఇవ్వని చోట ఎవరూ నిజం చెప్పరు. తప్పెవరిదో పట్టుకునే సాధనంగా మారిన పటం మొదటి రోజే అబద్ధమైపోతుంది.

సిబ్బందిని నిందించే ముందు, కొత్త యంత్రాలకు నిధులు మంజూరు చేసే ముందు, ఒక దరఖాస్తు వెంట మొదటి బల్ల నుంచి చివరి బల్ల దాకా నడిచి చూడడం ఏ కార్యాలయానికీ భారం కాదు. అందుకు కావలసినవి కొన్ని చీటీలు, ఒక ఖాళీ గోడ, ఉన్నదున్నట్లు చెప్పనిచ్చే అధికారి.