ఒక్క చక్రం జారితే కారెందుకు ఆగుతుంది?

పిల్లలూ! మలుపులో కారు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి కదా? అందుకే ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. అది చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది. తిప్పే బలాన్ని మాత్రం రెండింటికీ సమానంగా పంచుతుంది.

చిక్కంతా ఇక్కడే! బురదలో జారే చక్రాన్ని తిప్పడానికి స్వల్ప బలం చాలు. గట్టినేల మీది చక్రానికీ అంతే అందుతుంది. మొదటిది గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు.

ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే కారులో ముందు, వెనుక ఇరుసుల మధ్య మూడో డిఫరెన్షియల్ కూడా ఉండవచ్చు. మూడూ మామూలువే అయితే, ఒక్క చక్రం జారినా కారు ఆగిపోవచ్చు. 1980లో జెనీవాలో ప్రదర్శించిన ఆడి క్వాట్రోలో మధ్య, వెనుక డిఫరెన్షియళ్లను డ్రైవరే బిగించే ఏర్పాటుంది. కాని బిగించి ఉంచితే, గట్టి రోడ్డు మలుపుల్లో టైర్లు ఈడ్చుకుపోతాయి.

మధ్యేమార్గం, జారుడును అదుపులో ఉంచే 'లిమిటెడ్ స్లిప్' డిఫరెన్షియల్. ఒక రకంలో పలుచని పళ్లేలు ఒకదానిపై ఒకటి ఒత్తుకొని ఉంటాయి. వాటి ఘర్షణ వల్ల జారని చక్రానికి ఎక్కువ బలం అందుతుంది. మలుపులో అవే కొంచెం జారి దారి ఇస్తాయి. వాటికి తగిన నూనె పోయకపోతే పట్టి పట్టి జారుతూ చప్పుడు చేస్తాయి.

దీన్ని అమర్చాక మెకానిక్ ఇరుసును పైకి లేపి, గేరులో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పుతాడు. మామూలు డిఫరెన్షియల్ అయితే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది. ఇందులో తిరగదు. ఎందుకో చెప్పగలరా?