పది బిళ్ళ అరిగిపోతే చెల్లదా? మెరిసే నాణేనికి విలువ ఎక్కువా?

రూ.10 నాణెం చేతిలో పెట్టగానే అటూ ఇటూ తిప్పి చూసి ‘‘ఇది నడవదండీ’’ అని వెనక్కి ఇచ్చేసే కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. గీతలు ఎక్కువున్నాయని ఒకరు, రూపాయి గుర్తు లేదని మరొకరు, రంగు మారిందని ఇంకొకరు. దీనివల్ల ఎక్కువగా నలిగేది పూలమ్మేవాళ్లు, ఆటో డ్రైవర్లు, టీ కొట్టువాళ్లు. వచ్చిన చిల్లర కాదనలేరు, తిరిగి ఇవ్వబోతే పుచ్చుకునేవాళ్లు ఉండరు.

మొదట అసలు విషయం. అప్పటివరకు వచ్చిన 14 రకాల డిజైన్ల రూ.10 నాణేలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించింది. 10 గీతలున్నదే అసలుదని, 15 గీతలున్నది నకిలీ అని సాగిన ప్రచారంలో నిజం లేదు. రూపాయి గుర్తును కేంద్రం ఆమోదించిందే 2010లో. అంతకుముందు ముద్రించిన బిళ్ళ మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది?

మరి ఒకే విలువున్న రెండు నాణేలు పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టంగా, ఇంకొకటి మొద్దుగా ఎందుకు కనిపిస్తాయి? జవాబు తయారీలోనే ఉంది. చలామణీ నాణేలను టంకశాలలో వేగంగా నడిచే ప్రెస్సుల్లో, నిమిషానికి వందల చొప్పున కొడతారు. గుండ్రటి లోహపు బిళ్ళ రెండు ఉక్కు అచ్చుల మధ్యకు వస్తుంది, ఒక్క దెబ్బ పడుతుంది, బయటికి పోతుంది. అదే అచ్చుతో లక్షల నాణేలు వస్తాయి కాబట్టి అచ్చు అరిగే కొద్దీ గీతలు, అక్షరాల అంచులు పలచబడతాయి. ఆపైన అన్నీ కలిసి తొట్టెలో పడతాయి, సంచుల్లో ఒకదానికొకటి రాసుకుంటాయి. అంటే కొన్ని నాణేలు మీ చేతికి రాకముందే గీతలు పడి ఉంటాయి. అది లోపమే కావచ్చు గానీ, నకిలీ అనడానికి రుజువు కాదు.

లోహం సంగతి కూడా చూడాలి. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలువి. త్వరగా తుప్పు పట్టవు, కానీ స్టీలు గట్టిది కాబట్టి బొమ్మ లోతుగా దిగదు. అందుకే వాటి మీద ముద్ర చదునుగా కనిపిస్తుంది. పది బిళ్ళలో రెండు లోహ మిశ్రమాలుంటాయి, రెండింటిలోనూ రాగి ఉంటుంది. చెమట, తేమ తగిలితే రాగి నల్లబడుతుంది. మన ఇంట్లో రాగి చెంబు నల్లబడినట్లే. ఇంకో చిన్న తేడా: రూపాయి బిళ్ళ అయస్కాంతానికి అంటుకుంటుంది, పది బిళ్ళ అంటుకోదు. అది చూసి కంగారు పడక్కర్లేదు.

నాణేలు చిన్నవైపోతున్నాయన్న ఫిర్యాదు మాత్రం నిజమే. 1990ల నాటి స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2019లో ప్రకటించిన సిరీస్‌లో అది 20 మిల్లీమీటర్లకు, 3.09 గ్రాములకు తగ్గింది. కారణం ఖర్చు. రూపాయి నాణెం తయారీకి రూ.1.11 అవుతోందని 2018లో ఓ సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వచ్చింది. ప్రభుత్వం వైపు లెక్క సరే. కానీ రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు రెండూ స్టీలువే, రంగూ ఒకటే. చూపు మందగించిన పెద్దవాళ్లు తేడా పోల్చుకోలేకపోతే వాళ్ల తప్పు కాదు.

ఇక సేకరణ కోసం చేసే నాణేల సంగతి. వీటిలో ‘ప్రూఫ్’ రకానికి అచ్చునూ, లోహపు బిళ్ళనూ ముందే అద్దంలా మెరుగు పెడతారు. ఎక్కువ ఒత్తిడితో ఒకటికి మించి దెబ్బలు కొడతారు. ఒక్కో నాణేన్నీ విడిగా, వేలిముద్ర పడకుండా తీసి పెట్టెలో పెడతారు. ‘అన్‌సర్క్యులేటెడ్’ అంటే అంత మెరుగు లేకపోయినా, చలామణీలోకి వెళ్లని శుభ్రమైన నాణెం.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఎన్టీఆర్ శతజయంతి నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. దాని మీద ఉన్న విలువ రూ.100, టంకశాల అమ్మింది రూ.4 వేల పైన. అభిమానంతో కొనుక్కుంటే అది వేరు, పెట్టుబడి అనుకుని కొంటే మాత్రం ఆలోచించుకోండి. మళ్లీ అమ్మేటప్పుడు అంత ధర వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఇంట్లో ఉన్నవాటిని పాలిష్ పెట్టి తోమకండి, పైపొర పోతే సేకరించేవారి దగ్గర ధర పడిపోతుంది.

‘మీ నాణెం మీద నక్షత్రం ఉంటే లక్షలు’ అనే వీడియోలను కూడా నమ్మొద్దు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైందని అర్థం, అంతే. 1997లో సైఫాబాద్ నుంచి చర్లపల్లికి మారింది ఈ టంకశాలే. చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పాత నాణేలు కొంటామంటూ తన పేరుతో ఫీజులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

మీ దగ్గర చిల్లర పేరుకుపోతే బ్యాంకులో వేయొచ్చు. రూపాయి, ఆపై నాణేలతో ఒక చెల్లింపులో రూ.1,000 వరకే చట్టబద్ధమని 2011 నాణేల చట్టం చెబుతోంది గానీ, ఖాతాలో జమ చేయడానికి రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టలేదు. వంద చొప్పున కవర్లలో కట్టి తీసుకెళ్తే కౌంటర్లో పని తొందరగా అవుతుంది. బ్యాంకు తీసుకోకపోతే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారం కోసం 14448కు ఫోన్ చేయండి.