పలాస జీడి తొక్కకు, ఉద్దానం ఫైబర్ బోటుకు చుట్టరికం ఏంటి? కరగని ఈ సరుకు కథ ఇదీ..

పలాస అనగానే గుర్తొచ్చేది జీడిపప్పు. పప్పు తీశాక మిగిలే తొక్క ఎటు పోతుందో చాలామందికి తెలీదు. బండి బ్రేకు వేసిన ప్రతిసారీ అరిగే లైనింగులో ఆ తొక్క నూనెతో చేసిన పొడి ఉండొచ్చు. ఆ బ్రేకు లైనింగు, ఇంట్లో కుక్కర్ పిడి, ఉద్దానం తీరంలో ఫైబర్ బోటు.. మూడూ ఒకే జాతి. పేరు థర్మోసెట్ కాంపోజిట్.

ఇంతకీ ఏంటిది?

ప్లాస్టిక్ కుర్చీ, బిందె, మేడ మీది నల్ల ట్యాంకు వేడికి కరుగుతాయి. వాటితో మళ్లీ ఇంకో వస్తువు చేయొచ్చు. థర్మోసెట్ అలా కాదు. కాల్చిన కుండ మళ్లీ పచ్చి మట్టి కానట్టే, ఒక్కసారి గట్టిపడితే అంతే. లోపల అణువులు వల ముడుల్లా బిగుసుకుపోతాయి. మంట పెడితే మాడుతుంది తప్ప కరగదు. బలం కోసం దీనికి గాజు పీచో, కాగితమో, చెక్కపొట్టో జోడిస్తే అదే కాంపోజిట్.

1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్ ఈ జాతిలో పేరు మోసింది. అందులో ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలుస్తాయి. పలాస ప్రస్తావన వచ్చేది ఇక్కడే. జీడి పిక్క పెంకులో తేనెపట్టు లాంటి గదులుంటాయి. వాటి నిండా చిక్కటి నూనె. తొక్క బరువులో దాదాపు పావు వంతు అదే. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లను కాల్చి నల్లబరిచేదీ అదే. వేడి చేస్తే ఆ నూనెలోని ఆమ్లం కార్డనాల్‌గా మారుతుంది. ఇది ఫినాల్‌కు దగ్గరి చుట్టం. ఫార్మాల్డిహైడ్‌తో కలిపి గట్టిపరిచి, పొడి చేసి బ్రేకు లైనింగుల్లో వేస్తారు. బ్రేకు వేడెక్కినా పట్టు సడలదు, కీచుమనడం తగ్గుతుంది.

టెక్కలి వైపు వెళ్తే గ్రానైట్. రాయిని నునుపు చేసే చాలా రకాల బిళ్లల్లో గరుకు గింజల్ని పట్టి ఉంచేది రెజినే. పలకలో సన్నటి పగుళ్లు పూడ్చేది ఎపాక్సీ. ఉద్దానం ఊళ్లలో ఆర్వో ప్లాంటుకు వెళ్తే కనిపించే పొడవాటి గొట్టాలు, ఫిల్టర్ ట్యాంకులు చాలావరకు గాజు పీచు చుట్టి చేసినవే. ఇంట్లో సన్‌మైకా, మెలమైన్ ప్లేట్లు కూడా ఈ జాతే. మెలమైన్ ప్లేటును మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. వేడికి అందులోని రసాయనం తిండిలోకి దిగే ప్రమాదం ఉంది.

బోటు పగిలితే..

ఒకప్పుడు తెప్పలు, చెక్క నావలు. ఉప్పునీళ్లలో చెక్క నానుతుంది, పురుగు తొలుస్తుంది. ఫైబర్‌కు ఆ బాధ లేదు. అచ్చులో మైనం రాసి, గాజు పీచు చాప పరిచి, పాలియెస్టర్ రెజిన్‌లో కొద్దిగా క్యాటలిస్ట్ కలిపి పొరలు పొరలుగా పూస్తారు. పొయ్యి అక్కర్లేదు, దానికదే వేడెక్కి బిగుస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానలో ఒడ్డున ఉన్న బోట్లు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. అప్పుడు తొందరపడి పైపైన రెజిన్ పూసి సముద్రంలోకి దించడమే అసలు ముప్పు. పాత పొర కరగదు కాబట్టి కొత్త పొర దానితో కలిసిపోదు, పట్టుకుని ఉంటుందంతే. పట్టు దొరకాలంటే పగులును మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించాలి, బాగా ఆరబెట్టాలి, చుట్టూ ఏటవాలుగా అరగదీసి గరుకు చేయాలి. లోపల తడి ఉండిపోతే అతుకు నడి సముద్రంలో ఊడొచ్చు.

అరగదీసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్యాటలిస్ట్ కంట్లో పడితే వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడిగి ఆస్పత్రికి పరిగెత్తాలి. ఇంకో సంగతి.. క్యాటలిస్ట్‌ను, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు. పేలుతుంది. యాక్సిలరేటర్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్ వేయాలి.

మరి పనికిరాని బోటు? పాత ఇనుముకైతే ధర వస్తుంది, కరగని దీన్నెవరు కొంటారు? అలాగని ఇసుకలో తగలబెడితే విషపు పొగ, మిగిలేది గాజు నుసి. ఆ నుసి పిల్లల కాళ్లలోనూ, వలల్లోనూ గుచ్చుకుంటుంది. జర్మనీలో ఇదే జాతికి చెందిన పాత గాలిమరల రెక్కల్ని ముక్కలు చేసి సిమెంటు బట్టీలకు పంపుతున్నారు. రెజిన్ ఇంధనంగా మండిపోతుంది, గాజు సిమెంటులో కలుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. కావాల్సింది ఒడ్డున పడి ఉన్న బోట్లను కోసి, అక్కడిదాకా చేర్చే ఏర్పాటు.